ఎవరూ చదవని రెండో పేజీ

ఆ స్కానింగ్ సెంటర్లో పదకొండేళ్లుగా ఎముకల మిషన్ దగ్గర పనిచేస్తున్న ఆవిడను అందరూ ఎముకలక్క అనే పిలిచేవారు. రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి కూడా ఎవరైనా ఫోన్ చేస్తే, "ఎముకలక్క భోజనానికి వెళ్లిందండీ, అరగంటలో వస్తుంది" అని మామూలుగా చెప్పేసేది. అవతలివాళ్లు ఏమనుకునేవారో దేవుడికెరుక. ఆవిడకు మాత్రం ఆ పేరు మీద చిన్నచూపు లేదు. నలభై మూడేళ్ల మనిషి. ఒళ్లు కాస్త భారీ, గొంతు ఇంకాస్త భారీ. ఊరికే కోపం తెచ్చుకునే రకం కాదు, కాని వచ్చిందంటే మాత్రం దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

రోజూ పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి తలుపు తీసేది. మిషన్ ఆన్ చేసి, వెన్నుపూసల ఆకారంలో ఉన్న ఒక దిమ్మను టేబుల్ మీద పెట్టి స్కాన్ చేసేది. ఆ దిమ్మ సాంద్రత ఎంతో ముందే తెలుసు. మిషన్ అంతే చెబితే ఆ రోజుకు దాన్ని నమ్మవచ్చు. చెప్పకపోతే ఎవరినీ పడుకోబెట్టేది కాదు. "మనిషి అబద్ధమాడితే మొహం చూసి పట్టుకోవచ్చు. మిషన్ అబద్ధమాడితే ఎవరి మొహం చూస్తాం?" అనేది.

నిరుటి దాకా ఆ టేబుల్ ఎక్కినవాళ్లంతా పెద్దవయసు ఆడవాళ్లే. నడుం వంగినవాళ్లు, జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నవాళ్లు, "నాకేం రోగం లేదు, మా కోడలి పోరు పడలేక వచ్చాను" అని గొణిగేవాళ్లు. ఈ ఏడాది మొదట్లో ఊరి చివర ఉన్న పరుగు పందేల శిక్షణ కేంద్రంతో సెంటరు ఒప్పందం కుదుర్చుకుంది. అక్కడ హాస్టల్లో ఉండే పద్నాలుగు మంది అమ్మాయిలకు పదిహేను రోజులకోసారి ఒళ్లంతా స్కాన్ చేయాలి. వాళ్ల కోచ్‌ను అందరూ పెద్దసారు అనేవారు. స్కాన్లు కావాలని ఆయన అడిగాడు. ఏడాది మొత్తానికీ కలిపి ఒకే కాగితం మీద సెంటరు డాక్టరు సంతకం పెట్టేశాడు.

పని పెద్ద కష్టమైనదేమీ కాదు. మనిషి వెల్లకిలా పడుకోవాలి. చేతులు పక్కకు, పాదాలు దగ్గరికి చేర్చి పట్టీతో కట్టాలి. పైన ఒక చెయ్యి లాంటి భాగం తల నుంచి కాళ్ల దాకా మెల్లగా కదులుతుంది. రెండు రకాల బలం ఉన్న ఎక్స్‌రేలు ఒంట్లోంచి పోతాయి. ఎముక వాటిని ఒక రకంగా ఆపుతుంది, కండ ఒక రకంగా, కొవ్వు ఒక రకంగా. ఏడు నిమిషాలయ్యేసరికి ఒంట్లో ఏది ఎంత ఉందో మిషన్ లెక్క తేల్చి రెండు పేజీలు ప్రింటు ఇస్తుంది. మొదటి పేజీలో కొవ్వు, కండ. రెండో పేజీలో ఎముకలు.

పద్నాలుగు మందిలో ఒక పిల్లను తోటివాళ్లు మిడత అని పిలిచేవారు. పంతొమ్మిదేళ్లది. మూడు వేల మీటర్ల పరుగు. మెడ కింద నుంచే కాళ్లు మొదలయ్యాయా అన్నట్టు అంత పొడుగు. గలగలా మాట్లాడే పిల్ల కాస్తా ఈ మధ్య వచ్చిన ప్రతిసారీ ముందు దుప్పటి అడుగుతోంది.

"అక్కా, ఏసీ తగ్గించవా?"

"ఏసీ వెయ్యనే లేదే. నాకు చెమట పడుతోంది."

మిడత నవ్వి ఊరుకుంది. చేతుల మీద లేత నూగు, పసిపిల్లలకు ఉండేలాంటిది, దట్టంగా పెరిగి ఉంది. తిండి చాలని ఒళ్లు చలికి తట్టుకోలేక అలాంటి నూగు తొడుక్కుంటుందని ఎముకలక్క ఎక్కడో విని ఉంది. దాన్ని చూసి, ఆ పిల్ల నింపి ఇచ్చిన ఫారం తిరగేసింది. ఎక్స్‌రే కాబట్టి, కడుపుతో లేరని తెలుసుకోవడానికి ఆడవాళ్లను ఒక మాట తప్పకుండా అడగాలి: నెలసరి చివరిసారి ఎప్పుడు వచ్చింది? ఆ గడిలో ఐదో తారీఖు అని రాసి ఉంది. పాత ఫారాలు తీసి చూసింది. పోయిన నెలా ఐదే. అంతకు ముందూ ఐదే.

"ఏమ్మా, నువ్వు మనిషివా, క్యాలెండరువా? ప్రతి నెలా ఐదో తారీఖేనా?"

మిడత పైకప్పు వంక చూసింది. "ఏదో ఒకటి రాయాలి కదక్కా."

"అంటే?"

"ఏడాది దాటింది. రావట్లేదు."

"ఎవరికైనా చెప్పావా?"

"పెద్దసారుకి తెలుసు. చాలామందికి అంతే. ఒళ్లు దారిలోకి వచ్చిందంటే అలాగే ఉంటుంది, హాయి కదా అన్నారు." చెబుతూనే లేచి కూర్చుంది. "సరేగాని, కొవ్వెంతొచ్చిందక్కా? పెరగలేదు కదా?"

పోయినసారి కంటే అర శాతం పెరిగింది. ఎముకలక్క ఆ మాట చెప్పీ చెప్పకముందే పిల్ల మొహంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది.

"నిన్న మధ్యాహ్నం నుంచి ఏం తినలేదక్కా. ఎలా పెరుగుతుంది? ఇంకోసారి తియ్యవా? బూట్లు విప్పడం మర్చిపోయానేమో చూడు!"

బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి. పిల్ల వాటిలో కాళ్లు దూర్చుకుని, తాళ్లు కూడా కట్టుకోకుండా వెళ్లిపోయింది. వెళ్తుంటే ఎడమకాలు కాస్త ఈడుస్తున్నట్టు అనిపించింది.

ఎముకలక్క ప్రింటు తీసింది. రెండో పేజీలో, అదే వయసు ఆడపిల్లలతో పోల్చి ఇచ్చే అంకె మైనస్ రెండు దాటి కిందికి దిగింది. మొదటి నెలలో చూసినప్పుడు మైనస్ ఒకటిన్నర దగ్గర ఉండేది. ఆవిడ దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కనే "డాక్టరు గారు తప్పక చూడగలరు" అని రాసింది. ఇలా రాయడం మొదటిసారి కాదు. ఈ పిల్ల రిపోర్టు మీదే మూడుసార్లు రాసింది. ఇంకో ఇద్దరు పిల్లల రిపోర్టుల మీదా రాసింది. రోగం పేరు చెప్పడం టెక్నీషియన్ పని కాదు, కాని చూడమని చెప్పడం పనే. తను రాసింది, డాక్టరు చూసే ఉంటాడు, కేంద్రంలో ఏదో చేస్తూనే ఉంటారు. ఇన్నాళ్లూ ఆ ధీమాతోనే ఉంది.

ఆ వారం మాత్రం ధీమా కుదరలేదు. డాక్టరు సెలవులో ఉన్నాడు, బుధవారం దాకా రాడు. ఆదివారం సెలవు పూట చీర మార్చుకుని, బస్సెక్కి, తనే శిక్షణ కేంద్రానికి వెళ్లింది. పెద్దసారుతో మర్యాదగా నాలుగు ముక్కలు మాట్లాడి వద్దామనే బయల్దేరింది. ఇంట్లో కూడా అలాగే చెప్పింది.

హాస్టల్ భోజనాల గది గుమ్మం పక్కన నోటీసు బోర్డు ఉంది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో పద్నాలుగు పేర్లు, ఒక్కొక్క పేరుకు ఎదురుగా కొవ్వు శాతం. మధ్యలో ఎర్రగీత. గీతకు పైన ఐదు పేర్లు, వాటి పక్కన ఒక్కో బొమ్మ. దగ్గరికి వెళ్లి చూస్తే అవి పందిపిల్ల బొమ్మలు. మిడత పేరు పక్కన ఉన్నది ఇంకా తడారలేదు.

ఎముకలక్క ఆ అంకెలను ఒక్కొక్కటే చదివింది. అన్నీ తను తీసినవే. పాదాలు సర్ది, చేతులు సర్ది, ఊపిరి మామూలుగా పీల్చుకోమ్మా అని బుజ్జగించి తీసినవి.

గదిలో గీత కింద పేర్ల వాళ్లు పెద్ద బల్ల దగ్గర తింటున్నారు. ఐదుగురు మాత్రం కిటికీ పక్కన వేరే బల్ల దగ్గర, సగం నిండిన గిన్నెల ముందు తల దించుకుని కూర్చున్నారు. మిడత గిన్నెలో ఉన్నది ఎత్తి నోట్లో పెట్టుకోకుండా చెంచాతో గీతలు గీస్తోంది.

వడ్డన దగ్గర గోడకు ఆ వారం ఎవరికి ఏం పెట్టాలో రాసిన కాగితం అంటించి ఉంది. "బల్ల రెండు: గుడ్డు లేదు, పాలు లేవు, రొట్టె ఒకటి." నూనె చేతులతో పట్టుకోవడం వల్ల కాగితం పారదర్శకంగా అయిపోయి, వెనకవైపు అచ్చు లీలగా కనబడుతోంది. అందులో ఒకచోట ఎర్రటి సున్నా.

ఆవిడ కాగితం పీకి వెనక్కి తిప్పింది. మిడత రిపోర్టు రెండో పేజీ. పోయిన నెలది. తన చేతిరాత, "డాక్టరు గారు తప్పక చూడగలరు." దాని కింద డాక్టరు గారి సంతకం కూడా ఉంది, తోకతో సహా.

"అయ్యో, అది తీసెయ్యకండమ్మా, మళ్లీ రాసుకోవాలి!" అంటూ వంటావిడ గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"ఈ కాగితం మీకెక్కడిది?"

"పెద్దసారు గదిలోంచే. మొదటి పేజీలు ఆయన దాచుకుంటారు. రెండోవి చిత్తు కాగితాల కింద మాకిచ్చేస్తారు. వెనకాల ఖాళీనే కదమ్మా, పనికొస్తాయి. ఇంకా బోలెడున్నాయి." అల్మారా మీద నుంచి ఒక కట్ట తీసి చూపించింది కూడా, పాపం. కూరగాయల లెక్కలు, పాలవాడి నాగాలు, చాకలి పద్దు. అన్నిటి వెనకా ఆడపిల్లల ఎముకలు.

ఎముకలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. కట్ట మొత్తం చంకలో పెట్టుకుంది. మర్యాద, నాలుగు ముక్కలు, అన్నీ గాలికెగిరిపోయాయి.

పెద్దసారు తన గదిలో ఈల మెడలోంచి తీసి టేబుల్ మీద పెడుతున్నాడు. యాభై దాటినా నిటారుగా ఉంటాడు. ఒకప్పుడు తనూ పరుగు వీరుడే. గోడ నిండా ఫోటోలు.

"సార్, ఈ పేజీలు మీరు చదివారా?"

"ఏ పేజీలు? ఓ, అవా. మనకి కావాల్సింది మొదటి పేజీలో ఉంటుందిగా."

"ఈ పిల్ల ఎముకలు చూడండి సార్. ఇంట్లో మా అత్తగారికి డెబ్బై ఆరేళ్లు. దగ్గితే పక్కటెముక చిట్లింది ఆవిడకి. ఈ పిల్ల కూడా ఆ దారినే పోతోంది. ఏడాదిగా నెలసరి లేదు. తిండి చాలక వస్తుంది సార్ ఇదంతా. మీరేమో ఆ తిండిలో మళ్లీ కోత పెడుతున్నారు!"

"చూడమ్మా," అన్నాడాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు. "కొలవడం నీ పని. పరిగెత్తించడం నా పని. నీ పనిలో నేను వేలు పెట్టానా?"

"నా అంకెల పక్కన పందిబొమ్మలు పెట్టారు మీరు!"

"సరదాకి పెట్టాం. పిల్లలకి పట్టుదల రావొద్దూ? అర శాతమంటే ఏమనుకున్నావ్? చివరి వంద మీటర్లలో అర శాతమే పతకం." ఈల మళ్లీ మెడలో వేసుకున్నాడు. "నీ డాక్టరే సంతకం పెట్టాడు. ఆయనకి లేని బాధ నీకెందుకు?"

ఆవిడ కాగితాల కట్టను చంకలో గట్టిగా నొక్కుకుని బయటికి వచ్చేసింది. సంతకం మాట నిజమే కావడం ఆవిడను ఎక్కువ మండించింది.

ఇంటికి వచ్చేసరికి భర్త వరండాలో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు నడుం విప్పుతున్నాడు. ఆయన దర్జీ. అత్తగారు పక్కనే కుర్చీలో కూర్చుని, ముక్కు ఒళ్లో తగిలేంత వంగి బొత్తాలు ఏరుతోంది. ఎముకలక్క చెప్పులు విసిరికొట్టి జరిగిందంతా ఏకరువు పెట్టింది. అత్తగారు "వాడి నోట్లో మన్ను పడ!" అని మధ్య మధ్య తాళం వేసింది.

భర్త అంతా విని, "అర శాతం పెరిగిందని మిషన్ చెప్తే నిజంగా పెరిగినట్టేనా?" అనడిగాడు.

"అంటే?"

"ఇదిగో, ఈ ప్యాంటాయన. కొలత తీసుకున్నప్పుడు ఊపిరి బిగబట్టాడు. ఇప్పుడు పట్టట్లేదంటున్నాడు. పోనీ ఊపిరి మామూలుగానే ఉందనుకో, టేపు నేనే రెండుసార్లు వేస్తే రెండుసార్లూ నూలుపోగు తేడా లేకుండా రాదు. నేను దానికి తగ్గట్టు వదులు వదిలి కుడతాను. మీ మిషన్‌కి ఆ వదులు ఎంతో ఆయనకి తెలుసా అని."

ఎముకలక్క నీళ్ల గ్లాసు కింద పెట్టింది. ఆ వదులు ఎంతో ఆవిడకు తెలుసు. ప్రతి టెక్నీషియనూ లెక్క కట్టి ఉంచుకోవలసిందే అది. మొన్న మిషన్లో ఒక భాగం మార్చాక మళ్లీ కట్టడం మొదలుపెట్టింది కూడా. ముప్పై మందిని రెండేసిసార్లు పడుకోబెట్టి, రెండు అంకెలకీ తేడా ఎంత వస్తోందో చూడాలి. డాక్టరు అనుమతితో, ఒప్పుకుని వచ్చినవాళ్లతోనే చేయాలి. ఇరవై ఎనిమిది మంది అయ్యారు. ఇద్దరు మిగిలారు. ఇప్పటికి తేలినదాన్ని బట్టి చూస్తే, ఒక శాతం లోపు తేడా వస్తే మారిందో మారలేదో చెప్పడానికే లేదు.

"అమ్మాయ్, వాణ్నే పడుకోబెట్టు," అన్నది అత్తగారు, బొత్తాల్లోంచి తల ఎత్తకుండానే. ఎత్తాలన్నా ఎత్తలేదు పాపం.

బుధవారం పెద్దసారు రానే వచ్చాడు. "మీలాంటి క్రీడాకారులు ఒకరు కావాలి సార్, లెక్క కోసం" అని ఫోన్లో అంటే ఆయన కాదనలేదు. పొట్ట లోపలికి లాక్కుని టేబుల్ ఎక్కాడు. డాక్టరు పక్క గదిలో రిపోర్టుల గుట్ట ముందు కూర్చుని టకటకా సంతకాలు పెడుతున్నాడు. ఎముకలక్క తలుపు తెరిచే ఉంచింది.

మొదటిసారి ఇరవై మూడు పాయింట్ ఎనిమిది వచ్చింది.

"దిగండి సార్. గదిలో నాలుగు అడుగులు వేసి మళ్లీ ఎక్కండి."

మళ్లీ అదే టేబుల్. అదే పట్టీ. అవే చేతులు సర్దాయి. ఇరవై నాలుగు పాయింట్ ఏడు వచ్చింది.

"సార్, ఈ పావుగంటలో ఏం తిన్నారు?" అనడిగింది ఎముకలక్క.

"తినడమేంటి? నీ కళ్ల ముందే ఉన్నానుగా!"

"మరి దాదాపు ఒక శాతం పెరిగారే! మీ బోర్డు మీదైతే మీ పేరు గీత పైకెక్కి కూర్చునేది. గుడ్డు బంద్, పాలు బంద్."

పెద్దసారు మొహం కందగడ్డలా అయింది. "మిషన్ పాడైందని చెప్పు!"

"మిషన్ భేషుగ్గా ఉంది. పొద్దున్న దిమ్మ పెట్టి చూశాను, కాగితం ఇదిగో. దిమ్మ కదలదు సార్, ఊపిరి పీల్చదు, నీళ్లు తాగదు. మనిషి మనిషే. పడుకోవడంలో వెంట్రుకవాసి మారితే అంకె మారుతుంది. గ్లాసుడు నీళ్లు తాగితే మారుతుంది. అందుకే ఒక శాతం లోపు తేడాని మేం తేడా అనం. మీరేమో అర శాతానికి ఆ పిల్లకి ఆకలి శిక్ష వేశారు! లేని తప్పుకి!"

ఆవిడ గొంతు వరండా దాకా వినిపించింది. బయట కూర్చున్న పేషెంట్లు మాటలు ఆపేశారు. డాక్టరు లేచి గుమ్మంలోకి వచ్చి, "ఏమిటమ్మా ఈ గోల?" అన్నాడు.

ఆవిడ చేతిసంచిలోంచి నూనె మరకల కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ముందు "గుడ్డు లేదు, పాలు లేవు" అన్నది చదివాడు. తర్వాత తిప్పాడు. ఎర్ర సున్నా చూశాడు. దాని కింద తన సంతకం చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. అదేమీ మారలేదు.

"నేను... అంటే, రోజుకి నూటయాభై వస్తాయమ్మా," అని నీళ్లు నమిలాడు.

"నూటయాభైలోనూ ఎర్ర సిరా ఎన్నిటి మీద ఉంటుంది సార్?"

డాక్టరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత చేసింది మాత్రం సరిగ్గానే చేశాడు, ఆ మాట చెప్పుకోవాలి. పెద్దసారు వైపు తిరిగి, "ఈ అమ్మాయిని ఇవాళే పంపించండి. మిగతావాళ్లని రేపు. నేను స్వయంగా చూడాలి. నేను చూసేదాకా ఎవరూ పరిగెత్తకూడదు" అన్నాడు. పెద్దసారు "మీ మిషనూ వద్దు, మీ సలహాలూ వద్దు. ఊళ్లో ఇంకో సెంటరు లేదా?" అంటూ విసురుగా వెళ్లిపోయాడు. మిడతను ఆయన పంపలేదు. ఎముకలక్క ఆ పిల్లకే ఫోన్ చేసి పిలిపించింది.

డాక్టరు ఎడమ మోకాలి కింద ముందెముక మీద వేలితో నొక్కగానే మిడత కెవ్వుమంది. ఎక్స్‌రే ఫోటో తీయిస్తే అక్కడ సన్నటి చీలిక. వెంట్రుకంత. నెల రోజులుగా ఆ పిల్ల దాని మీదే పరిగెడుతోంది. నొప్పి అంటే బద్ధకం అంటారని నోరు మెదపలేదట.

కనీసం మూడు నెలలు పరుగు మాట ఎత్తకూడదన్నాడు డాక్టరు. పెద్ద పందెం ఇంకో ఆరు వారాల్లో ఉంది. మిడత ఏడవలేదు. వరండాలోకి వచ్చి ఎముకలక్క మొహంలోకి సూటిగా చూసింది.

"నీవల్లే అక్కా. నిన్నెవరు అడిగారు? ఆరు వారాలు ఓర్చుకునేదాన్ని. నువ్వు నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది?"

ఎముకలక్క వరండా మెట్ల దాకా వెనకే వెళ్లింది. ఆ పిల్ల కుంటుకుంటూ గేటు దాటిపోయేదాకా నిలబడి చూసింది. ఇంత చేసీ ఆ పిల్ల చేత తిట్టించుకోవడం బాధే. అయినా ఆవిడకు మిడత మీద కోపం రాలేదు. చీలిన ఎముకతో పరిగెత్తడమే తన గొప్ప అని ఆ పిల్లకు నూరిపోసినవాళ్ల మీద వచ్చింది. మూడుసార్లు ఎర్ర సిరాతో రాసి చేతులు దులుపుకున్న తన మీద కూడా వచ్చింది. మొదటిసారి రాసినప్పుడే గట్టిగా అరిచి ఉంటే ఆ చీలిక పడేది కాదేమో.

ఆ రోజు సాయంత్రమే ఆవిడ పద్నాలుగు మంది రిపోర్టులనూ మళ్లీ ప్రింటు తీసింది. రెండు పేజీలూ కలిపి పిన్ను కొట్టింది. డాక్టరు ఈసారి ఒక్కొక్కటే చదివి, ఏం చేయాలో రాసి సంతకం పెట్టాడు. ఎవరి రిపోర్టు వాళ్ల సొత్తు. పిల్లలను పిలిచి ఎవరిది వాళ్ల చేతికే ఇచ్చి, "ఇంట్లో చూపించండి. రెండో పేజీ ముందు చూపించండి" అని మరీ చెప్పింది.

మూడో రోజున మిడత వాళ్లమ్మ వచ్చింది. ఆవిడ బస్సు కండక్టరు. డ్యూటీ దిగి నేరుగా యూనిఫారంలోనే వచ్చింది, భుజాన తోలుసంచితో.

"చెల్లెమ్మా, నేను రోజంతా అంకెలతోనే బతుకుతాను. కాని ఈ మైనస్ ఏంటో నాకు అంతు పట్టలేదు. దేనికంటే తక్కువ?"

ఎముకలక్క కాగితం మీద గీత గీసి చూపించింది. "ఈ వయసు పిల్లలందర్నీ వరసలో నిలబెడితే మధ్యలో ఉండేది సున్నా. మీ పిల్ల బాగా వెనకాల, ఆఖర్లో ఉంది. ఇరవై ఐదు ముప్పై ఏళ్ల దాకా ఎముకలు గట్టిపడాలి అక్కా. ఇప్పుడు కూడబెట్టుకోవాల్సిన టైము. మీ పిల్ల ఇప్పుడే కరగబెట్టుకుంటోంది."

కండక్టరమ్మ ఆ గీత చివర వేలు పెట్టింది. "నేను దాన్ని అక్కడ దింపింది పరిగెత్తడానికి. ఫోన్ చేసినప్పుడల్లా 'తిన్నావా?' అంటే 'తిన్నానమ్మా' అనేది. నేను నమ్మేదాన్ని." అంటూనే లేచింది. "మిగతా పిల్లల అమ్మల నంబర్లు దాని దగ్గర ఉంటాయి. అందరం కలిసి వెళ్దాం. నువ్వూ వస్తావా?"

ఎముకలక్కకు ఆపాటికి సెంటరు యాజమాన్యం మెమో ఇచ్చింది. టెక్నీషియన్ పరిధి దాటి ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఒప్పందం పోగొట్టినందుకట. ఆవిడ అదే కాగితం కింద, "నేను కొలిచినది ఎవరూ చదవలేదు కాబట్టి చదివి వినిపించాను. మళ్లీ అవసరమైతే మళ్లీ వినిపిస్తాను" అని రాసి ఇచ్చేసింది. కండక్టరమ్మకు మాత్రం "వస్తాను" అని ఒక్క ముక్కే చెప్పింది.

శిక్షణ కేంద్రం కమిటీ ముందు తొమ్మిది మంది తల్లులు కూర్చున్నారు. ఇద్దరు ఉద్యోగాల నుంచి, ఒకావిడ చంకలో పసివాడితో, మిగతావాళ్లు ఎక్కడెక్కడి నుంచో. పెద్దసారు పతకాల జాబితా చదివాడు. ఎముకలక్క రెండో పేజీలు చదివింది, పేర్లు చెప్పకుండా, అంకెలు మాత్రమే. పద్నాలుగు మందిలో ఆరుగురివి ఉండవలసిన దానికంటే తక్కువ. డాక్టరు కూడా వచ్చాడు. సంతకం తనదేనని, చదవకుండా పెట్టానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. కమిటీ పెద్దమనిషి ఒకాయన, "క్రమశిక్షణ అన్నాక కొంచెం కఠినంగానే ఉంటుంది కదమ్మా" అన్నాడు.

కండక్టరమ్మ లేచి నిలబడింది. "కఠినమా? మా బస్సులో ముసలివాళ్లు ఎక్కితే సీటిప్పిస్తాను, ఎముకలు విరుగుతాయని. రేపు నా కూతురు ఎక్కితే, పంతొమ్మిదేళ్ల పిల్లకి, సీటిప్పించాలా నేను? చెప్పండి! పక్కన పందిబొమ్మ కూడా అంటించమంటారా?"

చంకలో పసివాడు ఏడవడం మొదలుపెట్టినా వాళ్లమ్మ బయటికి తీసుకువెళ్లలేదు.

ఆ వారంలోనే బోర్డు తీసేశారు. రెండు బల్లలూ ఒకటయ్యాయి. స్కాన్లు ఏడాదికోసారి మాత్రమే, డాక్టరు అవసరమంటేనే, అంకెలు ఆయనకూ పిల్లకూ తప్ప ఎవరికీ చెప్పకూడదు అని రాతకోతలు జరిగాయి. పెద్దసారు స్థానంలో ఒక ఆడమనిషిని వేశారు. మిడత ఇంటికి వెళ్లిపోయింది. పందెం ఆమె లేకుండానే జరిగింది. ఎముకలక్క రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. మూడోసారి వాళ్లమ్మ ఎత్తి, "తింటోంది చెల్లెమ్మా. నీ మీద కోపం ఉంది గానీ తింటోంది. తిననీ ముందు" అన్నది.

కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. రెండు నెలల తర్వాత రిసెప్షన్ అమ్మాయి ఒక కబురు మోసుకొచ్చింది. పెద్దసారును తీసెయ్యలేదట. వేరే ఊళ్లో వేరే ఆడపిల్లల జట్టుకు పంపించారట, ఇంకా పెద్ద జట్టుకు. వెళ్లేముందు సన్మానం కూడా చేశారట.

ఎముకలక్క ఆ రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయలేదు. ఆ ఊళ్లో ఎముకల మిషన్ ఎక్కడెక్కడ ఉందో వాకబు చేసింది. రెండే చోట్ల ఉంది. మొదటిచోట, శిక్షణ కేంద్రం పేరు చెబితే తెలియదన్నారు. రెండోచోట ఫోన్ ఎత్తింది ఎవరో కొత్తగా చేరిన టెక్నీషియన్, లేత గొంతు.

"మీ దగ్గరికి పరుగు పందేల పిల్లలు వస్తున్నారా తల్లీ?"

"వస్తున్నారండీ. సోమవారం నుంచే. ఇరవై రెండు మంది. మీరెవరండీ?"

"వాళ్ల కోచ్ మొదటి పేజీ ఒక్కటే చాలన్నాడా?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

ఎముకలక్క కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. బయట పేషెంటు ఎవరో తలుపు కొడితే, పది నిమిషాలాగమని చేత్తో సైగ చేసింది.

"ఒక కాగితం, పెన్ను తీసుకో," అన్నది. "నేను ఎక్కడెక్కడ తప్పు చేశానో ముందు అది చెప్తాను. రాసుకో."